నీళ్ల వంతు లాగే నిద్ర వంతు

ఇవాళ పత్తి రేటు గురించి రాయట్లేదు. గులాబీ పురుగు గురించి కూడా కాదు. చంటిపిల్లలున్న రైతు ఇళ్ల గురించి రాస్తున్నా. పత్తి తీతలు మొదలయ్యాయి. రాబోయే రెండు మూడు నెలలు మన ఇళ్లల్లో పసిపిల్లల తల్లులకి మహా కష్టమైన రోజులు. అందుకే ఇప్పుడే రాయాలనిపించింది.

కొత్తగా చదివేవాళ్ల కోసం ఒక మాట. మాది ఇబ్రహీంపట్నం మండలం. రెండెకరాల పత్తి, అర ఎకరం కూరగాయలు, రెండు గేదెలు. పాపకి నాలుగేళ్లు నిండాయి, బాబుకి పదమూడో నెల. చేను పనీ ఇంటి పనీ నేనూ మా ఆయనా కలిసి చూసుకుంటాం. అత్తయ్య ఉన్నారు గానీ ఆవిడకి మోకాళ్ల నొప్పులు. పిల్లోడిని ఎత్తుకుని ఎక్కువసేపు నిలబడలేరు.

ఈ మధ్య ఫోన్లో వీడియోలు వస్తున్నాయి, తల్లులు తమని తాము చూసుకోవాలట. గోరువెచ్చని నీళ్ల టబ్బులో అరగంట కూర్చోమంటారు, నచ్చిన పుస్తకం చదవమంటారు. చెప్పింది తప్పని అనను. కానీ మన ఇళ్లల్లో చంటిబిడ్డ తల్లి నాలుగు చెంబులు పోసుకునేలోపు బయట ఏడుపు వినపడుద్ది. తలంటు పోసుకుని ఎన్ని వారాలయిందో ఆమెకే గుర్తుండదు. అరగంటల లెక్క మనకి కుదరదు. ఐదు నిమిషాలు, పది నిమిషాల లెక్కలో ఏం చేసుకోగలమో చూడాలి.

ముందు గేదె సంగతి చెప్తా. మన దొడ్లో గేదె ఈనితే ఏం చేస్తాం? బెల్లం వేసి దాణా పెడతాం, గోరువెచ్చని నీళ్లు తాగిస్తాం. కింద మెత్తగా గడ్డి పరుస్తాం. మేత తినట్లేదంటే ఆ పూటే పశువుల డాక్టరు దగ్గరికి పరిగెత్తుతాం. "అన్ని గేదెలూ ఈనుతున్నాయిగా, దీనికేంటి కొత్తగా" అని ఎవరూ అనరు. అదే ఇంట్లో కోడలు "ఒళ్లు నొప్పులుగా ఉంది అత్తయ్యా" అంటే మాత్రం "మేం కనలేదా, మేం పెంచలేదా" అనే మాట వచ్చేస్తది. అన్నవాళ్లు చెడ్డవాళ్లని కాదు. వాళ్ల రోజుల్లో వాళ్లకీ ఎవరూ ఏమీ చేసిపెట్టలేదు, అంతే.

నిజానికి మన పెద్దవాళ్లు ఒక మంచి పద్ధతే పెట్టారు. మొదటి కాన్పుకి పుట్టింటికి పంపిస్తారు. అక్కడ బాలింతకి ఒళ్లు రుద్ది వేడి నీళ్లు పోస్తారు, సాంబ్రాణి పొగ వేస్తారు, వేళకి అన్నం వండి కూర్చున్న చోటికే తెచ్చి పెడతారు. బిడ్డకి స్నానం అమ్మమ్మ చేయిస్తుంది. కాళ్లు చాపుకుని బిడ్డని కాళ్ల మీద వేసుకుని నలుగు పెట్టే పని బాలింతకి చెప్పరు. ఆ రోజుల్లో ఆమె చేయాల్సిన పనులు రెండే, పాలివ్వడం, పడుకోవడం. అందులో కొన్ని అలవాట్లు మానుకోవాలి. బాలింతకి నీళ్లు తక్కువ ఇవ్వడం, కూరలూ పళ్లూ వద్దని ఉత్త కారప్పొడి అన్నం పెట్టడం మంచిది కాదని ఏఎన్ఎమ్‌లు ఎప్పటి నుంచో చెప్తున్నారు. మిగతాది మాత్రం బంగారం లాంటి పద్ధతి.

అయితే అది మూడో నెలతోనో ఐదో నెలతోనో అయిపోద్ది. బిడ్డని తీసుకుని అత్తగారింటికి వచ్చిన రోజు నుంచి ఆమె మళ్లీ కోడలు. పొయ్యి, పాలు, పేడ, చేను అన్నీ ఎదురుచూస్తుంటాయి. బిడ్డ రాత్రి మూడుసార్లు లేవడం మాత్రం ఆగదు. రెండో కాన్పయితే చాలామందికి పుట్టింటి వైభోగం కూడా సగమే. మూడో నెల నుంచి బిడ్డకి మూడేళ్లు వచ్చేదాకా, ఆ మధ్య కాలం గురించి మన దగ్గర ఏ పద్ధతీ లేదు.

సర్కారు లెక్కలోనూ అంతే. ఆఫీసుల్లో, కంపెనీల్లో పనిచేసే ఆడవాళ్లకి 2017 నుంచి చట్టప్రకారం 26 వారాల జీతంతో సెలవు ఉంది. మంచిదే. మరి పత్తి చేనుకి సెలవు చీటీ ఎవరికివ్వాలి? కాయ పగిలిందంటే తీయాల్సిందే, మబ్బు పట్టిందంటే ఇంకా తొందరగా తీయాల్సిందే. మొదటి కాన్పుకి మాతృ వందన పథకంలో 5,000 రూపాయలు వస్తాయి. అవి మందులకీ పాలకీ పనికొస్తాయి గానీ నిద్రని కొనలేవు.

నిద్ర సంగతి నాకు బాగా తెలిసింది వరదప్పుడు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ వైపంతా మునిగిపోయింది గుర్తుందిగా. అదే రోజుల్లో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కుల పైన వరద వచ్చింది. మా చిన్నాన్న కూతురు అక్కడే కింది అంతస్తులో అద్దెకుండేది. నాలుగు నెలల బాబు. రెండు రోజులు పైవాళ్ల ఇంట్లో తలదాచుకుని, పడవ వచ్చాక బయటపడి మా ఇంటికొచ్చారు. బియ్యం, మంచాలు, ఫ్రిజ్జు అన్నీ పోయాయి. నాకప్పుడు ఎనిమిదో నెల.

వచ్చిన రోజు మధ్యాహ్నం అన్నం తిని గోడకి ఆనుకుని కూర్చుంది. అత్తయ్య బాబుని ఒళ్లోకి తీసుకున్నారు. తర్వాత మా తోడికోడలు ఎత్తుకుంది. తర్వాత పక్కింటి పిన్నిగారు వచ్చి వేప చెట్టు కిందకి తీసుకెళ్లారు. మధ్యలో ఒకసారి పాలకి తెచ్చి పక్కన పడుకోబెట్టారు, తాగాక మళ్లీ తీసుకెళ్లారు. అది మాత్రం అలాగే పడి నిద్రపోయింది. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి ఉలిక్కిపడి లేచి "బాబేడి?" అంది. అరుగు మీద మా ఆయన చేతిలో ఉన్నాడని చూసుకుని మళ్లీ కూర్చుంది. అప్పుడంది నాతో, "అక్కా, వీడు పుట్టాక ఇంతసేపు ఇవాళే పడుకున్నా."

ఇల్లంతా పోగొట్టుకుని వచ్చిన పిల్ల అన్న మాట అది. తొమ్మిది రోజులున్నారు. ఏడుపు ఉంది, పోయిన సామాను బెంగ ఉంది, అయినా ముఖంలో కళ వచ్చింది. ఆ తొమ్మిది రోజులు మేం ఆమెకి ప్రత్యేకంగా చేసిందేమీ లేదు. చేతులు ఎక్కువున్నాయి, అంతే. ఊళ్లో ఇల్లంటే ఒకప్పుడు అలాగే ఉండేది. ఇప్పుడు ఊళ్లో కూడా ఇంటికి ఇద్దరమో ముగ్గురమో మిగిలాం.

నాకు అర్థమైంది ఇదీ. తల్లికి పది నిమిషాలు కావాలంటే వాటిని ఎవరో ఒకరు ఇవ్వాలి. గాల్లోంచి రావు. "నిన్ను నువ్వు చూసుకో అమ్మాయ్" అని చెప్పి బిడ్డని ఆమె చంకలోనే వదిలేస్తే ఆ మాటకి విలువ లేదు.

ఇక మా ఇంట్లో ఏం చేస్తున్నామో చెప్తా. వీటిల్లో రూపాయి ఖర్చయ్యేవి తక్కువ.

మొదటిది నిద్ర వంతు. బాబు పుట్టాక మూడో నెలలో నేను తిరిగి వచ్చేసరికి జనవరి, పత్తి ఆఖరి తీత. రాత్రంతా మేలుకుని పొద్దున్నే చేలోకి పోతే కళ్లు తిరిగేవి. ఒకరోజు మా ఆయనతో అన్నా, "ఏవండీ, నీళ్లకి వంతులు వేసుకుంటాం కదా, నిద్రకి ఎందుకు వేసుకోకూడదు?" ఆయన నవ్వారు. పక్కనే ఉన్న బావగారు మాత్రం నవ్వలేదు. ఆయన థర్మల్‌లో కాంట్రాక్టు పని చేస్తారు. "రాత్రి డ్యూటీ చేసినోడిని పగలు లేపకూడదురా, మర్నాడు పనిలో చెయ్యి తేడా వస్తే ప్రాణం మీదకొస్తది" అన్నారు. 1979లో మన థర్మల్‌లో మొదటి యూనిట్ తిరిగిన దగ్గర్నుంచీ ఈ చుట్టుపక్కల షిఫ్టు అంటే ఏంటో తెలియని ఇల్లు లేదు. అదే ఇంట్లోకి తెచ్చుకున్నాం. రాత్రి తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా ఆయన వంతు, తర్వాత నాది. ఆయన వంతులో బాబు లేస్తే పాలకి నా పక్కన పడుకోబెట్టేవారు. తాగాక ఆయనే భుజాన వేసుకుని తేన్పు వచ్చేదాకా తట్టి, గుడ్డ మార్చి, ఉయ్యాలలో వేసేవారు. నేను పూర్తిగా లేచి కూర్చునే పని తప్పింది. నాలుగు గంటల్లో సగం నిద్ర దక్కినా మర్నాడు మనిషి మనిషిలా ఉంటది. మందు కొట్టే రోజుల్లో, బండి మీద దూరం వెళ్లే రోజుల్లో ఆయనకి నిద్ర కావాలి కాబట్టి ఆ రాత్రులు వంతు మార్చుకుంటాం.

రెండోది నీళ్లు. పాలివ్వడానికి కూర్చునే ముందు ఒక గ్లాసు నీళ్లు తాగడం. విడిగా గుర్తుపెట్టుకోమంటే గుర్తుండదు, పాలతో ముడిపెడితే మర్చిపోం. చేలోకి వెళ్తే సీసా మనతోపాటే. పాలిచ్చేటప్పుడు వీపు గోడకో చెట్టుకో ఆనించి కూర్చోండి. ఆ పది నిమిషాలు ఫోను పక్కన పెడితే అదే విశ్రాంతి.

మూడోది అన్నం. అందరికీ పెట్టి ఆఖరున చల్లారిన అన్నం తినే అలవాటు పాలిచ్చే తల్లికి వద్దు. పొద్దున రాగి జావ కాస్తే మొదటి గ్లాసు ఆమెది. నాలుగు వేరుశనగ ఉండలు చేసి డబ్బాలో పెట్టుకుంటే నిలబడి కూడా తినొచ్చు. అంగన్‌వాడీ నుంచి వచ్చే గుడ్లూ పాలూ గర్భిణికీ బాలింతకీ అని ఇస్తారు. ఇంట్లో అందరూ పంచుకుంటే ఆమె వంతుకి ఏం మిగిలినట్టు? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి దాదాపు 59 మందికి రక్తం తక్కువని తేలింది. కాన్పు తర్వాత 180 రోజులు ఐరన్ మాత్రలు వేసుకోవాలి, అవి ఉచితంగానే ఇస్తారు. చాలామంది కాన్పుతోనే ఆపేస్తారు. టీతో, పాలతో వేసుకోవద్దు. నిమ్మకాయ నీళ్లతో అయితే ఒంటికి బాగా పడుద్ది. కాల్షియం మాత్రకీ దీనికీ రెండు గంటలు ఎడం ఉండాలి. ఒట్టి నీరసం, ఆయాసం, చిరాకు అనుకునేవి కొన్నిసార్లు రక్తం తక్కువవడం వల్లే వస్తాయి. పరీక్ష చేయించుకుంటే తెలిసిపోద్ది.

నాలుగోది నడుము. బిడ్డని ఎప్పుడూ ఒకే చంకన ఎత్తుకుంటాం, పైగా పత్తి తీత అంటే రోజంతా వంగి ఉండే పని. చంక మార్చుకుంటూ ఉండండి. ఎత్తేటప్పుడు నడుము వంచకుండా మోకాళ్లు వంచండి. ఇంటికొచ్చాక చాప మీద వెల్లకిలా పడుకుని మోకాళ్లు పైకి మడిచి ఐదు నిమిషాలు ఉండండి. పిల్లోడు పొట్ట మీదెక్కి ఆడుకున్నా పర్లేదు.

ఐదోది మగవాళ్లకి. మందు కొట్టి రాగానే పిల్లలు "నాన్నా" అని ఎదురొస్తారు. ఎత్తుకోవద్దు. బయటే బట్టలు విప్పి, సబ్బుతో తలస్నానం చేసి, వేరే బట్టలు కట్టుకుని అప్పుడు లోపలికి రావాలి. మందు బట్టలు పిల్లల బట్టలతో కలిపి ఉతకొద్దు. పాలిచ్చే తల్లిని మందు కలపడానికి పిలవొద్దు, అదే రోజు ఆ చేలోకి తీతకి పంపొద్దు. ఇది బిడ్డ కోసమే అనుకుంటాం గానీ ఆ పావుగంట స్నానం తండ్రికి కూడా విశ్రాంతే. చేలో చిరాకు, అప్పు చిరాకు కాస్త అక్కడే వదిలేసి వస్తాడు.

ఆరోది కోపం. దీని గురించి ఎవరూ మాట్లాడరు. బిడ్డ గంట నుంచి ఆపకుండా ఏడుస్తుంటే ఎంత ఓపికున్న మనిషికైనా చెయ్యి లేచిపోయే క్షణం ఒకటి వస్తుంది. అప్పుడు బిడ్డని ఉయ్యాలలోనో చాప మీదో జాగ్రత్తగా వెల్లకిలా పడుకోబెట్టి అరుగు మీదకి రండి. ముఖం కడుక్కోండి. ఇరవైసార్లు నిదానంగా గాలి పీల్చి వదలండి. ఆ రెండు మూడు నిమిషాలు ఏడ్చినందువల్ల బిడ్డకి ఏమీ కాదు. కోపంలో పసిబిడ్డని పట్టుకుని ఊపితే మాత్రం తల లోపల రక్తస్రావం అయి ప్రాణమే పోవచ్చు. ఇది తల్లికీ తండ్రికీ తాతకీ అందరికీ వర్తిస్తుంది. కాస్త నెమ్మదించాక బిడ్డకి జ్వరం ఉందేమో, చెవి పట్టుకుంటున్నాడేమో చూడండి.

ఏడోది బయట గాలి. వారానికో పదిరోజులకో ఒకసారి సాయంత్రం మేం నలుగురం బండి మీద ఫెర్రీ దగ్గర పవిత్ర సంగమానికి వెళ్తాం. గోదావరి నీళ్లు వచ్చి మన కృష్ణలో కలిసే చోటు. పిల్లల్ని నీళ్లకి దూరంగా కూర్చోబెట్టి, వేరుశనక్కాయలు తిని, అరగంటలో ఇంటికొచ్చేస్తాం. ఆ అరగంటలో పాపని ఆయన చూసుకుంటారు, బాబుని నేను చూసుకుంటా. నీళ్ల వైపు చూస్తూ కూర్చుంటే మాటలు కూడా అక్కర్లేదు.

ఇప్పుడు పెద్ద విషయం. ఇవన్నీ చేసినా కొందరికి మనసు తేరుకోదు. రెండు వారాలు దాటినా ఊరికే ఏడుపు రావడం, బిడ్డని చూసినా ఏమీ అనిపించకపోవడం, బిడ్డ పడుకున్నా తనకి నిద్ర పట్టకపోవడం, అన్నం సహించకపోవడం, "నేనుండి ఏం లాభం" అనడం. ఇది గాలి సోకడం కాదు, బద్ధకం అంతకన్నా కాదు. జబ్బు. మనలాంటి దేశాల్లో కాన్పయిన తల్లుల్లో దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరికి ఇలాంటి మానసిక సమస్య వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. అంటే మన వీధిలో కూడా ఎవరో ఒకరు ఉండే ఉంటారు. 14416 అని టెలీ మానస్ నంబరు ఉంది, 2022 నుంచి నడుస్తోంది. పగలూ రాత్రీ ఎప్పుడైనా చేయొచ్చు, డబ్బులుండవు, తెలుగులో మాట్లాడతారు. పేరు చెప్పాలని బలవంతం లేదు. తనకి గానీ బిడ్డకి గానీ ఏమైనా చేసుకోవాలనే ఆలోచన ఉందని తెలిస్తే ఆ పూట ఆమెని ఒంటరిగా వదలొద్దు. ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి. గేదె మేత మానేస్తే ఆ పూటే పరిగెత్తే మనం దీనికి ఆగడమేంటి?

రైతులుగా మనం చేయాల్సింది ఇంకొకటుంది. మన చేలోకి తీతకొచ్చే కూలి తల్లులు. కిలోకి ఇంత అని తూకం మీద కూలి ఇస్తాం. పాలివ్వడానికి ఆమె గట్టు మీదకెళ్లిన ప్రతిసారీ ఆమె మూట తగ్గుద్ది. అందుకే కొందరు బిడ్డ ఏడుస్తున్నా సాలు పూర్తయ్యాకే వెళ్తారు. ఉపాధి హామీ చట్టం 2005లో వచ్చినప్పుడే, పని దగ్గరికి చంటిపిల్లలు ఐదుగురు గానీ అంతకు మించి గానీ వస్తే వాళ్లని చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టి ఆమెకీ కూలి ఇవ్వాలని రాశారు. మన సొంత చేలల్లో ఆ చట్టం లేకపోవచ్చు, ఆలోచన మాత్రం వాడుకోవచ్చు. పోయినేడు మేం నలుగురు రైతులం కలిసి, మా తీతలు పక్కపక్క చేలల్లో వరసగా పెట్టుకుని, వంగి పనిచేయలేని ఒక పెద్దమ్మకి రోజు కూలి ఇచ్చి చెట్టు కింద పిల్లల దగ్గర కూర్చోబెట్టాం. చీర ఉయ్యాలలు రెండు కట్టాం, ఒక చాప, ఒక నీళ్ల బిందె. మందు డబ్బాలు ఆ దరిదాపుల్లో లేకుండా చూశాం. నలుగురం పంచుకుంటే తలా కొంచెమే పడింది. తల్లులు నిశ్చింతగా తీశారు, వేళకి వచ్చి పాలిచ్చి వెళ్లారు. ఈసారి కూడా పెడుతున్నాం, ఆమెకి ముందే చెప్పి ఉంచాం.

చివరగా అత్తలకీ ఆడపడుచులకీ పక్కింటివాళ్లకీ ఒక మనవి. పసిబిడ్డ ఉన్న ఇంటికి చూడ్డానికి వెళ్తాం. బిడ్డ ఎవరి పోలికో చెప్పి, టీ పెట్టించుకుని తాగి వస్తాం. ఈసారి వెళ్లినప్పుడు టీ వద్దనండి. చేతులు కడుక్కుని బిడ్డని ఎత్తుకుని, "నువ్వెళ్లి తలంటుకుని రా అమ్మాయ్, నేనున్నా" అనండి. ఆమె వద్దంటుంది, మొహమాటపడుద్ది. వినకండి. ఆమె స్నానం చేసి, తల ఆరబెట్టుకుని, వేడిగా నాలుగు ముద్దలు తినేదాకా బిడ్డ మీ భుజం మీదే ఉండాలి.